ఎండ సోకని గుడ్డ

మన దగ్గర చీరకు చరిత్ర ఉంది. ఉప్పాడ నేత, వెంకటగిరి నేత, పోచంపల్లి నేత గురించి పుస్తకాలున్నాయి. రవిక ఎప్పుడొచ్చింది, పైట ఎప్పుడు బరువైంది అన్న చర్చలు సాహిత్యంలో గట్టిగానే జరిగాయి. చీర చిరిగిపోయాక ఏమైందన్నది మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. తెలుగిళ్ళలో పాత నూలుచీరకు రెండు దారులుండేవి. మెత్తబడ్డ భాగం పసిబిడ్డకు ఉయ్యాలయ్యేది, బొంతయ్యేది. మిగిలిన ముక్క ముట్టుగుడ్డయ్యేది. ఉయ్యాల మీద ఎన్ని పాటలో, బొంత మీద ఎన్ని కథలో! ముట్టుగుడ్డను మాత్రం వాడినంతకాలం వాడి, మూటగట్టి, ఎవరూ చూడని చోట పూడ్చిపెట్టారు. కంటికి కనబడకుండా పోవడమే దానికి పెట్టిన నియమం. అందుకే అది మ్యూజియంలోకీ చేరలేదు, మన వ్యాసాల్లోకీ పెద్దగా చేరలేదు.

ఈ వ్యాసం ఆ గుడ్డ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మొదటిసారి ముట్టయిన పిల్ల చేతికి ఏం వచ్చింది, ఎవరిచ్చారు, దాన్ని క్షేమంగా వాడుకునే తెలివిడి ఆమెకు ఎవరి నుంచి అందింది అన్న ప్రశ్నల గురించి. నేను పుట్టిపెరిగిన కోనసీమ నేల మీద నిలబడి ఈ ప్రశ్నలు వేస్తున్నాను. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, వైనతేయ చీల్చుకుంటూ పోయే ఈ తడినేలలో గుడ్డ ఆరడం అన్నది చిన్న విషయం కాదు. 1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక ఈ ప్రాంతం అన్నపూర్ణ అయిందని చదువుకున్నాం. అదే నీటిలో మోకాళ్ళదాకా దిగి నాట్లు వేసిన ఆడవాళ్ళు ఆ నాలుగు రోజులూ ఏం చేశారో ఏ పాఠంలోనూ చదువుకోలేదు.

ముందు మాటల దగ్గర మొదలుపెడదాం. ముట్టు, మైల, దూరం, బయటచేరడం, కాకి ముట్టడం. కాస్త చదువుకున్న తరం ‘ఎమ్సీ’ అంది. మా తరం ‘డేట్’ అంది, ‘పీరియడ్స్’ అంది. పాత మాటలు చాలావరకు ఆమె ఎక్కడ ఉండకూడదో, దేన్ని తాకకూడదో చెబుతాయి. కొత్త మాటలు ఎప్పుడు వచ్చిందో చెబుతాయి. ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే మాట ఒక్కటీ లేదు. ఇక వాడే వస్తువుకైతే పేరు పలకడమే తక్కువ. మా మామ్మ దాన్ని ‘గుడ్డ’ అని కూడా అనేది కాదు. ‘అది’ అనేది. పేరు పెట్టని వస్తువు గురించి పిల్ల ఏమని అడుగుతుంది?

శారదా చట్టం 1929లో పాసై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 అంది. అప్పటిదాకా అగ్రహారాల్లో పిల్ల రజస్వల కాకముందే పెళ్ళి జరిగిపోవాలి. అంటే మొదటి ముట్టు ఆ పిల్ల ఒంటికి సంబంధించిన సంగతి కాదు, అత్తింటికి పంపాల్సిన కబురు. ఆ కబురు వెనకాలే పునస్సంధానం ముహూర్తం. పన్నెండేళ్ళ పిల్ల కడుపునొప్పితో ముడుచుకుని పడుకున్న మూల గది బయట, ఆమెను ఎప్పుడు కాపరానికి పంపాలో పెద్దవాళ్ళు లెక్కలు వేసుకునేవారు. మిగతా కులాల్లో సమర్త వేడుక పెద్దదే. చాప మీద కూచోబెట్టి, నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి కొట్టి తినిపించి, పేరంటాళ్ళు పాటలు పాడి, తొమ్మిదో రోజో పదకొండో రోజో నీళ్ళు పోసేవారు. చిమ్మిలి ఒంటికి బలమే. పాటలు పాడేదీ ఆడవాళ్ళే. అయినా ఆ హడావుడిలో పిల్లని పక్కకు పిలిచి, గుడ్డ ఎలా పెట్టుకోవాలి, ఎప్పుడు మార్చుకోవాలి అని నెమ్మదిగా చెప్పే ఘట్టం లేదు. ఊరందరికీ తెలియజేసే వేడుకలో, తెలియాల్సిన పిల్లకు మాత్రం ఏమీ తెలియదు.

మామ్మకు తెలివిడి లేదని కాదు. ఉంది. “కొత్త గుడ్డ వద్దు, పదిసార్లు ఉతికిన నూలైతేనే పీలుస్తుంది” అనేది. “ముందు చన్నీళ్ళలో నానెయ్యి, వేణ్ణీళ్ళు తగిలితే మరక పట్టేస్తుంది” అనేది. “తడిగుడ్డ ఒంటిమీద ఉంచుకోకు, తొడలు ఒరుసుకుపోతాయి” అనేది. ఈ మూడూ నిజాలే. నెత్తురులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి నూలుపోగును పట్టుకుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేతులకు తెలుసు. అదే నోటితో, అదే గొంతుతో, “ఎండలో మాత్రం ఆరెయ్యకు, మగాళ్ళ కంట పడకూడదు, పాము చూస్తే దోషం” అనీ అనేది. మొదటి మూడు మాటలూ ఎంత నిజమో నాలుగోది అంత ప్రమాదం. గుడ్డకు ఉన్న ఒకే ఒక్క ఉచిత మందు ఎండ. ఆ మందును సిగ్గు లాక్కుంది. కొబ్బరాకుల దడి వెనక, దూలానికి కట్టిన తాడు మీద, మరో చీర కింద దాక్కుని ఆరీ ఆరని గుడ్డ మళ్ళీ ఒంటిమీదికి వచ్చేది. శ్రావణ భాద్రపదాల్లో కోనసీమలో ఉప్పు డబ్బాలో ఉప్పే చెమ్మగిల్లుతుంది. మరి ఆ గుడ్డ గతేమిటి? దురద, ఒరుపు, బూజువాసన, తెల్లబట్ట. వాటి గురించి ఎవరితోనూ చెప్పకూడదన్నది ఐదో నియమం.

ఇదంతా అందరికీ ఒక్కలా లేదు. ఆస్తిపాస్తులున్న ఇళ్ళలో మైలబట్టలు రజక స్త్రీల చేతికి వెళ్ళేవి. సమర్తాడిన పిల్ల ఒంటిమీది బట్టలు వాళ్ళకే ఇచ్చేయడం ఆచారం. పెద్దకులాల ‘శుభ్రత’ మరొక కులం ఆడమనిషి చేతుల మీద నడిచింది. ఆమె ముట్టు రోజుల్లో ఆమె బట్టలు ఎవరు ఉతికారు? మాలపల్లెలో, మాదిగపల్లెలో ఆడవాళ్ళకు ‘బయట కూచునే’ మూడు రోజుల వెసులుబాటు కూలిడబ్బులు వదులుకుంటేనే దొరుకుతుంది. ఊడ్పుల్లో రోజంతా బురదనీళ్ళలో, కొబ్బరిపీచు పనిలో నానిన డొక్కల మధ్య, మార్చుకోవడానికి చాటు లేక, ఉన్న ఒక్క గుడ్డతోనే పొద్దుగూకేది. మైల అన్న భావన వాళ్ళను అవమానించింది, విశ్రాంతి మాత్రం ఇవ్వలేదు. ముట్టు గదిని కొందరు ‘విశ్రాంతి’ అని సమర్థించినప్పుడల్లా, ఎవరి విశ్రాంతి, ఎవరి చాకిరీ అని అడగాల్సి ఉంటుంది.

అచ్చులోకి వచ్చిన చదువు ఈ నిశ్శబ్దాన్ని కొంత కదిలించింది. 1883లో కందుకూరి వీరేశలింగం స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ నడిపారు. 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య ‘హిందూ సుందరి’ మొదలుపెట్టారు. స్త్రీలే సంపాదకులుగా కూచుని స్త్రీలకు రాయడం అలవాటైంది. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ స్థాపించారు. ఆ పత్రిక ఇచ్చిన స్వర్ణకంకణం 1934లో మొదటగా కనుపర్తి వరలక్ష్మమ్మ అందుకున్నారు. సాహిత్య చరిత్రలో మనం ఇంతవరకు చెప్పుకుంటాం. కేసరి పేరు ఇంటింటికీ తెలిసింది ‘లోధ్ర’తో అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది స్త్రీల గర్భాశయ సంబంధమైన బాధలకు అమ్మిన మందు. మన సాహిత్యంలో ఒక ముఖ్యమైన స్త్రీల పత్రికకు వెనక ఉన్న ఇంటి సిరి, ఆడవాళ్ళు పైకి చెప్పుకోలేని ముట్టు బాధల నుంచి వచ్చిందన్నమాట. నేను దీన్ని ఎత్తిపొడుపుగా అనడంలేదు. ఆ పత్రిక లేకపోతే ఎందరో రచయిత్రులు మనకు ఉండేవారు కారు. అయితే ఆ కాలపు చదువు, సంస్కరణ, వైద్యం మూడూ గర్భాశయాన్ని చూశాయి, కాబోయే తల్లిని చూశాయి. బిడ్డను కనడానికి చాలా ఏళ్ళ ముందు, రేపు బడికి ఎలా వెళ్ళాలా అని చూసే పన్నెండేళ్ళ పిల్ల వాటి చూపుకి ఆనలేదు.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే సముద్రాల అవతల వేరే చరిత్ర నడుస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్టుకట్టడానికి కలపగుజ్జుతో చేసిన పీల్చే పదార్థం వాడారు. నర్సులు దాన్ని తమ అవసరానికీ వాడుకున్నారు. 1920లో కింబర్లీ క్లార్క్ కంపెనీ దాన్నే కోటెక్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అమెరికా ఆడవాళ్ళు దుకాణంలో మగవాడి దగ్గర నోరు తెరిచి అడగలేకపోయారు. అందుకని బల్లమీద పెట్టెలు పేర్చి, పక్కన డబ్బులు వేసే డబ్బా పెట్టారు. మాట్లాడకుండా డబ్బులు వేసి పట్టుకుపోవచ్చు. 1930ల్లో టాంపాన్ వచ్చింది, 1937లో లియోనా చామర్స్ ముట్టుకప్పుకి పేటెంట్ తీసుకుంది. 1950ల్లో మేరీ కెన్నర్ అనే నల్లజాతి స్త్రీ నడుముకు కట్టుకునే బెల్టుకు పేటెంట్ పొందితే, ఆసక్తి చూపిన కంపెనీ ఆమె నల్లజాతి స్త్రీ అని తెలిశాక వెనక్కి తగ్గింది. 1970 ప్రాంతంలో బెల్టు లేకుండా అతుక్కునే ప్యాడ్ వచ్చింది. సిగ్గూ, జాతివివక్షా అక్కడా ఉన్నాయి. ఒక్క తేడా ఏమిటంటే, అక్కడ సిగ్గును డబ్బాలో పెట్టి అమ్మడం ముందుగా నేర్చుకున్నారు.

ఆ నేర్పు మన ఊళ్ళకి 1990ల్లో టీవీతో పాటు వచ్చింది. మా అమ్మ 1980ల్లో రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు స్నేహితురాలి దగ్గర బెల్టు ప్యాడ్ చూసిందట. పెళ్ళయి కోనసీమకు వచ్చాక మళ్ళీ గుడ్డే. 1995 తర్వాత తెలుగు చానళ్ళు ఇంట్లోకొచ్చాయి. తెల్లబట్టలేసుకున్న అమ్మాయి గంతులేస్తుంటే, నెత్తురు ఉండాల్సిన చోట నీలం నీళ్ళు పోసి చూపించేవాళ్ళు. ఆ ప్రకటన రాగానే గదిలో ఉన్న మగవాళ్ళు గొంతు సవరించుకునేవారు, ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళేవారు. మెడికల్ షాపులో ప్యాకెట్‌ని పాత పేపర్లో చుట్టి, నల్లకవర్లో పెట్టి, చిల్లరతో పాటు కిందినుంచి అందించేవారు. సబ్బు కొంటే అలా చుట్టరు. దడి వెనక దాచిన గుడ్డ, నల్లకవర్లో దాచిన ప్యాడ్ అయింది. వస్తువు మారింది, దాచడం మారలేదు.

నాకు ఏడో తరగతిలో మొదలైంది. అమ్మ ఒక ప్యాకెట్, నాలుగు గుడ్డముక్కలు చేతిలో పెట్టి “బడికి ఇది, ఇంట్లో అది” అంది. ప్యాకెట్ ఖరీదు చూస్తే ఆ విభజన అర్థమవుతుంది. బడిలో మరుగుదొడ్డికి గడియ లేదు, లోపల చెత్తబుట్ట లేదు, నీళ్ళు కుళాయి దగ్గరనుంచి మగపిల్లల ముందు మోసుకురావాలి. పొద్దున ఎనిమిదిన్నరకు పెట్టుకున్నది సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చాకే మార్చేవాళ్ళం. నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలని ఆ ప్యాకెట్ మీద ఉన్నా లేకపోయినా మాకు తేడా ఏముంది? ప్యాడ్ ఎంత మంచిదైనా, మార్చుకునే చోటు లేకపోతే అది నానిన గుడ్డకంటే గొప్పదేమీ కాదు.

అడిగే చోటు కూడా అంతే ముఖ్యం. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు ఆ పని కొంత చేసింది. ముఖం చూడకుండా ప్రశ్న అడగొచ్చు అన్న ధైర్యం అది. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘సవాలక్ష సందేహాలు’ మరో అడుగు ముందుకేసింది. 1970లో బోస్టన్ స్త్రీలు తమ శరీరాల గురించి తామే తెలుసుకుని రాసుకున్న పుస్తకం స్ఫూర్తితో, హైదరాబాద్ స్త్రీల బృందం మన ఒళ్ళ గురించి మన భాషలో రాసింది. స్త్రీవాద కవిత్వం దేహాన్ని గురించి మాట్లాడిందని అప్పట్లో ఎంత గొడవ జరిగిందో ఈ పత్రిక చదివేవారికి తెలుసు. దాని పక్కనే, ఏ గొడవా లేకుండా, ఈ పుస్తకం చేసిన పని తక్కువది కాదు. కవిత్వం సిగ్గును ఎదిరించింది, ఈ పుస్తకం సిగ్గు స్థానంలో సమాచారం పెట్టింది. రెండూ కావాలి.

ఆ తర్వాత ప్రభుత్వం వచ్చింది. 2011లో కేంద్రం గ్రామాల్లోని 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం పథకం పెట్టి, ఆశా కార్యకర్తల ద్వారా ఆరు ప్యాడ్ల ప్యాకెట్ ఆరు రూపాయలకు ఇప్పించింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ మీద 12 శాతం పన్ను వేశారు. స్త్రీలు ఊరుకోలేదు, ఏడాదికి, 2018 జూలైలో ఎత్తేశారు. 2019 ఆగస్టు నుంచి జన ఔషధి దుకాణాల్లో ప్యాడ్ రూపాయికి అమ్మారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 5న మొదలైన ‘స్వేచ్ఛ’ పథకం, ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో 7 నుంచి 12 తరగతుల పిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితంగా ఇస్తామంది. ఇవి మంచి అడుగులే. బడి మానేయకుండా ఒక పిల్ల నిలబడితే చాలు, ఆ పథకం సార్థకమే.

కానీ లెక్కలు రాసేవాళ్ళ తీరు చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో, 15-24 ఏళ్ళ స్త్రీలలో ‘పరిశుభ్రమైన పద్ధతులు’ వాడేవారు 57.6 శాతం. 2019-21 సర్వేలో అది 77.3 శాతం. ఇందులో పరిశుభ్రత అంటే ఏమిటి? స్థానికంగా తయారైన న్యాప్‌కిన్, కొన్న ప్యాడ్, టాంపాన్, రెండో సర్వేలో కప్పు కూడా. గుడ్డ వాడితే అపరిశుభ్రం. సబ్బుతో ఉతికి, మండుటెండలో ఆరేసి, పూటపూటకీ మార్చినా సరే అపరిశుభ్రమే. తొమ్మిది గంటలు ఒకే ప్యాడ్‌తో కూచున్న మేము మాత్రం ఈ లెక్కలో పరిశుభ్రం. వస్తువు పేరును బట్టి శుభ్రతను నిర్ణయించడం మనకు కొత్తేమీ కాదు. మనిషి పుట్టుకను బట్టి నిర్ణయించిన సమాజమే కదా ఇది.

ఇప్పుడు మా అక్క కూతురికి పన్నెండేళ్ళు. మొన్న “పిన్నీ, ప్యాడా, కప్పా, ఆ ప్యాంటీయా, ఏది మంచిది?” అని వంటింట్లో అందరి ముందూ అడిగింది. వాళ్ళ నాన్న అక్కడే కూరగాయలు తరుగుతున్నాడు, లేచి వెళ్ళలేదు. నాలుగు తరాల్లో మా ఇంట్లో ఈ ప్రశ్న ఇలా గట్టిగా వినిపించడం ఇదే మొదలు. దానికి నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాయడం చరిత్ర వ్యాసంలో అతకదని కొందరికి అనిపించవచ్చు. ఈ జవాబులు దొరక్కపోవడమే ఈ చరిత్ర కాబట్టి రాస్తున్నాను.

మొదలుపెట్టే పిల్లకు ప్యాడ్ తేలిక. రోజూ వేసుకునే లోదుస్తుకు సరిపడే సైజు చాలు, పెద్దదే మంచిదనుకోనక్కర్లేదు. సువాసన కలిపినవి వద్దు, ఆ చర్మానికి మంట పుట్టవచ్చు. తడిసినా తడవకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. మార్చేముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. తీసినదాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, దొడ్డిలో వేసి నీళ్ళు పోయకూడదు. గుడ్డప్యాడ్, పీరియడ్ ప్యాంటీ మామ్మ గుడ్డకు మనవరాళ్ళే. చన్నీళ్ళు, సబ్బు, ఎండ. పూర్తిగా ఆరాకే మడత. వానల్లో వట్టి నూలుగుడ్డకైతే ఇస్త్రీపెట్టె కొంత సాయం చేస్తుంది. టాంపాన్ లోపల పెట్టుకునేది, ఎనిమిది గంటలు దాటనివ్వకూడదు, తక్కువ పీల్చేదానితోనే మొదలుపెట్టాలి. ఈ నియమం ఊరికే పుట్టలేదు. 1978లో వైద్యులు టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌కు ఆ పేరు పెట్టారు. 1980 నాటికి అమెరికాలో బాగా పీల్చే టాంపాన్లు వాడిన యువతులు దానితో చనిపోయారు. ‘రిలై’ అన్న రకాన్ని ఆ సెప్టెంబర్‌లో మార్కెట్ నుంచి తీసేశారు. అది అరుదైన జబ్బు, అయినా ఒక్కసారిగా తీవ్ర జ్వరం, వాంతులు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, కళ్ళు తిరగడం కనబడితే లోపల ఉన్నదాన్ని వెంటనే తీసేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. కప్పు ఏళ్ళతరబడి వస్తుంది, పన్నెండు గంటల దాకా ఉంచుకోవచ్చు, ప్రతి నెలా మొదలయ్యేముందూ అయ్యాకా నీళ్ళలో ఐదు నిమిషాలైనా మరిగించాలి. తీసేటప్పుడు గుంజకుండా, అడుగు నొక్కి గాలి వదిలించాలి. దాన్ని పెట్టుకోవడం కుదరకపోతే తప్పు పిల్లది కాదు, తొందరేమీ లేదు. టాంపాన్ వల్లో కప్పు వల్లో కన్నెపొర సాగితే కన్నెరికం పోదు. కన్నెపొర ఎవరి శీలానికీ రుజువు కాదు. ఈ మాట పిల్లకంటే ముందు తల్లులకు చెప్పాలి.

వీటితోపాటు ఇంకో జవాబు. మొదటి ఒకటి రెండేళ్ళు నెలలు అటూ ఇటూ అవుతాయి, భయం లేదు. ఏడు రోజులు దాటి పోతున్నా, గంట గంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా, నొప్పికి బడి మానాల్సి వస్తున్నా, పదిహేనేళ్ళు నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కి చూపించాలి. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతానికి రక్తహీనత ఉంది. “ఆడపుట్టుక, ఓర్చుకోవాలి” అన్న మాట ఎంత నెత్తురు తాగిందో ఈ అంకెలో కొంత కనిపిస్తుంది.

ఇన్ని జవాబులు చెప్పాక నాకే ఒకటి అర్థమైంది. ఈ వస్తువుల్లో ఏదీ దానంతటది క్షేమం కాదు. గుడ్డకు ఎండ కావాలి, అంటే పెరట్లో అందరూ చూసే దండెం మీద చోటు కావాలి. ప్యాడ్‌కు గడియ ఉన్న దొడ్డి, మూత ఉన్న బుట్ట కావాలి. కప్పును పొయ్యిమీద మరిగించాలి. ‘బయట ఉన్న’ పిల్లను వంటింట్లోకి రానివ్వని ఇంట్లో కప్పును ఏ పొయ్యి మీద మరిగిస్తుంది? ఏ గిన్నెలో? రెండువందలు పెట్టి కప్పు కొనివ్వడం తేలిక, పొయ్యి దగ్గరకు రానివ్వడం కష్టం. అందుకే ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మెడికల్ షాపులో లేదు, ఇంట్లో ఉంది.

2022 జూలైలో గోదావరి ఈ సంగతిని గట్టిగా చెప్పింది. భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరింది. దవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. చుట్టూ నీళ్ళే, కడుక్కోవడానికి శుభ్రమైన నీళ్ళు లేవు. ఎండ లేదు, పొయ్యి లేదు, పారేసే చోటు లేదు, చాటు లేదు. ఆ స్థితిలో ఏ వస్తువూ క్షేమం కాదు, ఉన్నంతలో పొడి ప్యాడ్ మేలు. వరద లేని రోజుల్లో కూడా మన నేల నీరు పైకే ఉంటుంది, పూడ్చినది తాగేనీటికి దూరం పోదు. కాలవలో పడేసిన ప్లాస్టిక్ ప్యాడ్ ఎవరి చెరువులోకో చేరుతుంది. చుట్టి పారేయడానికి కవరు తయారీదారే ఇవ్వాలని 2016 వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. కవరు సరే, చుట్టినదాన్ని చివరికి చేత్తో ఏరేది ఎవరు? మైలబట్టల మూట మోసిన రజక స్త్రీ స్థానంలోకి ఇవాళ పంచాయతీ పారిశుద్ధ్య కార్మికురాలు వచ్చి నిలబడింది. ఆమె చేతికి గ్లవుజులు కూడా ఈ చరిత్రలో భాగమే. పర్యావరణం పేరు చెప్పి పిల్లను కప్పు వాడమనో గుడ్డకు తిరిగి వెళ్ళమనో ఒత్తిడి చేసేవారు కూడా ఈ పని ఎవరి నెత్తిన పడుతుందో ముందు లెక్క వేసుకోవాలి.

రాసేవాళ్ళం, పరిశోధించేవాళ్ళం కాబట్టి మనకు ఒక పని మిగిలి ఉందనుకుంటాను. సమర్త పాటలు సేకరించాం, అచ్చు వేశాం. ఆ పాటల మధ్య చాప మీద కూచున్న పిల్లకు ఏమిచ్చారు, ఎక్కడ ఉతుక్కుంది, ఎక్కడ ఆరేసుకుంది అని అడగలేదు. ఎనభై దాటిన ఆడవాళ్ళు అగ్రహారంలోనూ ఉన్నారు, రజకపేటలోనూ ఉన్నారు, మాలపల్లెలోనూ ఉన్నారు. ముగ్గురి జవాబులూ ఒక్కలా ఉండవు. ఆ మూడూ పక్కపక్కన పెట్టి రాసుకుంటే, ఏది ఆచారం, ఏది అనుభవజ్ఞానం, ఏది ఒకరి చాకిరీ మీద ఇంకొకరి శుభ్రత అన్నది విడివిడిగా తెలుస్తుంది. వాళ్ళు వెళ్ళిపోకముందే అడగాలి. ‘అది’ అని వాళ్ళు అంటే, ‘అదంటే ఏది, పేరు చెప్పు మామ్మా’ అని మళ్ళీ అడగాలి.